తాబేలుకు ఇల్లే సగం ఒళ్లు

సల్కాటా తాబేలు పిల్ల గుడ్డు చీల్చుకుని బయటికొచ్చేసరికి పొడవు సుమారు 5 సెంటీమీటర్లు, బరువు 30, 40 గ్రాములు. పెంపుడు జంతువుల దుకాణంలో ప్లాస్టిక్ డబ్బాలో, ఓ కీరదోస ముక్క పక్కన కనబడేది దాదాపు ఆ సైజులోనే. "దీనికి పెద్ద పనేం ఉండదండీ, రోజూ కాస్త ఆకు పడేస్తే చాలు" అంటాడు అమ్మేవాడు. ఈ జాతి సొంత చోటు ఆఫ్రికాలో, సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సహేల్ మెట్టలు. గలాపగోస్, అల్డాబ్రా దీవుల మహాకాయ తాబేళ్ల తర్వాత నేల తాబేళ్లలో అతి పెద్దది ఇదే. ఎదిగిన మగది 50 కిలోలకు చేరడం మామూలే. డబ్బా ఎంతుంటే తాబేలు అంతే పెరుగుతుందనే మాటొకటి ప్రచారంలో ఉంది. అది అబద్ధం. వయసుకు తగ్గట్టు పెరగడం లేదంటే జబ్బు చేసిందనో, కడుపు మాడుతోందనో అనుకోవాలి.

మనకు తాబేలు అనగానే కళ్ల ముందు మెదిలేది మాత్రం సల్కాటా కాదు, నల్లటి డిప్ప మీద పసుపు చారలు విచ్చుకున్న నక్షత్ర తాబేలు. రాయలసీమ చిట్టడవుల్లో, తమిళనాడు, తూర్పు కర్ణాటక మెట్టల్లో, గుజరాత్, రాజస్థాన్‌లలో, శ్రీలంకలో అది సహజంగా బతుకుతుంది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం వెళ్లినవాళ్లు గుడి ఆవరణలో చూసే ఉంటారు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని దాన్ని తెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు కలిసొచ్చేది కేసు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ తర్వాత నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూల్లో, అంటే పులి ఉన్న జాబితాలో ఉంది. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కూడా దాన్ని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలోకి చేర్చింది. కారణం లేకపోలేదు. మన దేశంలోని ఒకే ఒక్క సేకరణ కేంద్రం నుంచి ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు అడవి దాటిపోతున్నాయని 2015లో ఒక అధ్యయనం లెక్కగట్టింది.

కాబట్టి ఇక్కడ చెప్పబోయేది సల్కాటా గురించి. ఇది విదేశీ జాతి, బందిఖానాలో కూడా గుడ్లు పెట్టి పిల్లలు చేస్తుంది. మన దగ్గర ఉంచుకోవాలంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. అమెరికాలో పెరడున్న ఇళ్లలో కూడా ఎక్కువగా కనిపించే పెద్ద తాబేలు ఇదే. అక్కడ స్థిరపడిన తెలుగు పిల్లలు అమ్మానాన్నల్ని కొనిపెట్టమని అడిగేదీ దీన్నే.

తాబేలు పెంపకంలో వచ్చే చిక్కులన్నిటికీ మూలం ఒక్కటే. మనం తిన్న తిండిలో పెద్ద వాటా ఒంటిని 37 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికే ఖర్చయిపోతుంది. తాబేలు ఆ ఖర్చు పెట్టుకోదు. దాని పొయ్యి ఒంటి బయట ఉంటుంది. ఎండ, వేడెక్కిన రాయి, నేలలోని బొరియ, వీటి మధ్య తిరుగుతూ తనకు కావలసిన ఉష్ణోగ్రత తనే చూసుకుంటుంది. ఆకలి, అరుగుదల, రోగాన్ని తట్టుకునే శక్తి, అన్నీ ఆ వేడి మీదే నడుస్తాయి. చాలా తాబేటి జాతుల్లో పిల్ల ఆడదవుతుందా మగదవుతుందా అన్నది కూడా గుడ్లున్న మట్టి వేడే తేలుస్తుంది. వెచ్చని గూట్లో ఆడపిల్లలు, చల్లని గూట్లో మగపిల్లలు. అలాంటి జీవిని ఒక డబ్బాలో పెట్టామంటే దాని శరీరం చేయాల్సిన పనుల్లో సగం మనం నెత్తినెత్తుకున్నట్టే. అరుగుదల లేని తాబేలుకు మందు వేసేముందు చూడాల్సింది దాని కడుపు కాదు, గదిలోని థర్మామీటరు. చల్లగా ఉన్న తాబేలుకు బలవంతంగా తినిపిస్తే ఆ ఆకు పేగుల్లో అరగకుండా పులిసిపోతుంది.

అందుకని దాని ఇల్లంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉండకూడదు. ఒక చివర బల్బు కింద 35 నుంచి 38 డిగ్రీలు, రెండో చివర 26, 27 డిగ్రీలు ఉంటే తాబేలు తన అవసరాన్ని బట్టి అటూ ఇటూ నడుస్తుంది. ఈ నడకే దానికి వైద్యం. రెండు చివరలా రెండు థర్మామీటర్లు పెట్టాలి. మధ్యలో ఒకటి తగిలిస్తే ఏమీ తెలియదు. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు తాబేలు పిల్లలకు చల్లనే. వెలుతురు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరు అప్పుడు పనికొస్తుంది. చలికాలంలో సల్కాటా ముడుచుకుని తిండి మానేస్తే "శీతనిద్రలో ఉంది" అని వదిలేసేవాళ్లుంటారు. మధ్యధరా తీరపు తాబేళ్లు శీతనిద్రకు పోతాయి, నిజమే. బ్రిటన్‌లో కొందరు వాటిని 5 డిగ్రీల దగ్గర ఫ్రిజ్జులోనే నిద్రపుచ్చుతారు. సల్కాటాకు ఆ అలవాటు లేదు, నక్షత్ర తాబేలుకూ లేదు. సల్కాటా మత్తుగా పడి ఉందంటే దానికి చలేస్తోంది, లేదా జబ్బు చేసింది.

మన మే నెలది ఇందుకు ఎదురు సమస్య. సహేల్‌లోనూ 45 డిగ్రీలు ఉంటుంది కదా అని ఎండలో వదిలేయకూడదు. అక్కడ అది ఎండలో ఉండదు, మీటర్ల లోతు బొరియ తవ్వుకుని దాక్కుంటుంది. ఒంటి వేడి 40 దాటితే ఎడారి తాబేలుకైనా ప్రాణం మీదికొస్తుంది. రేకుల షెడ్డు వేయడం కన్నా ఏమీ వేయకపోవడం నయం. తాటాకు కప్పో, మట్టి గోడల గూడో, దట్టమైన చెట్టు నీడో ఉండాలి. కింద తవ్వుకోవడానికి మట్టి ఉండాలి.

వెలుతురు సంగతి ఇంతకన్నా మోసపూరితమైనది, ఎందుకంటే లోపం కంటికి కనబడదు. సూర్యకాంతిలోని యూవీబీ కిరణాలు చర్మం మీద పడితే అక్కడున్న ఒక రకం కొలెస్టరాల్ విటమిన్ డి3కి ముడిసరుకుగా మారుతుంది. ఒంటి వెచ్చదనం దాన్ని డి3గా పూర్తి చేస్తుంది. తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని వాడకానికి సిద్ధం చేస్తాయి. డి3 లేకపోతే ఎంత కాల్షియం తిన్నా పేగు దాన్ని ఒంట్లోకి తీసుకోలేదు. అప్పుడు పారాథైరాయిడ్ గ్రంథి రక్తంలో కాల్షియం పడిపోకుండా ఎముకల్లోంచి తోడడం మొదలుపెడుతుంది. తాబేలు ఒంట్లో అతిపెద్ద ఎముక ఏది? డిప్పే. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి, పైన గోరులాంటి కెరటిన్ పలకలు అతుక్కుని తయారైనదది. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో ఎలాగూ కాస్త మెత్తగానే ఉంటుంది. నెలలు గడిచినా గట్టిపడకపోయినా, గట్టిపడినది మళ్లీ మెత్తబడుతున్నా, కాళ్లు ఒంటిని పైకెత్తలేక పొట్ట నేలకు రాచుకుంటున్నా లోపల ఎముక కరుగుతోందని అర్థం.

కిటికీ పక్కన పెట్టాం, బోలెడు ఎండ పడుతోంది అంటారు. కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఇంట్లో ఎల్ఈడీ బల్బుల్లో అసలే ఉండదు. సరీసృపాల కోసం చేసిన యూవీబీ ట్యూబులు దొరుకుతాయి. వాటిలోనూ చిక్కుంది. వెలుగు అలాగే ఉంటుంది, యూవీబీ మాత్రం నెలనెలా తగ్గిపోతుంది. కాబట్టి వెలుగుతున్నా సరే కనీసం ఏడాదికోసారి మార్చాలి. మన ప్రాంతంలో ఇంత అవస్థ పడనక్కర్లేదు. ఉదయం ఎండ, పక్కనే నీడ దొరికే పెరడుంటే ఏ కంపెనీ ట్యూబూ దాని ముందు నిలవదు.

ఇక తేమ. ఎడారి జంతువుకు తేమ ఎందుకని పెంపకందార్లు చాలాకాలం వాదించారు. పొడి ఇసుక, పొడి గాలి, అప్పుడప్పుడూ నీళ్లు, ఇదే పద్ధతిగా నడిచింది. అలా పెరిగిన సల్కాటాల వీపు మీద ఒక్కో పలకా ఒక్కో గుట్టలా లేచింది. దీన్ని పిరమిడింగ్ అంటారు. మాంసకృత్తులు ఎక్కువై ఇలా అవుతోందని అందరూ నమ్మారు, మేతలో బలం తగ్గించారు, గుట్టలు తగ్గలేదు. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన వీస్నర్, ఇబెన్ అనే ఇద్దరు పరిశోధకులు 50 సల్కాటా పిల్లల్ని అయిదు గుంపులు చేసి, వేర్వేరు తేమలో, వేర్వేరు మోతాదుల మాంసకృత్తులతో అయిదు నెలలు పెంచారు. 2003లో ఫలితం ప్రచురించారు. పొడి గాలిలో పెరిగినవాటి గుట్టలు ఎత్తుగా, తేమలో పెరిగినవాటివి తక్కువగా ఉన్నాయి. మాంసకృత్తుల ప్రభావం స్వల్పమే. ఎడారి తాబేలు పిల్ల ఎడారి గాలిలో పెరగదన్నది అప్పటిదాకా చాలామందికి తట్టలేదు. అది రోజులో చాలా భాగం బొరియలో, గడ్డి దుబ్బుల మొదట్లో గడుపుతుంది. అక్కడ గాలి చెమ్మగానే ఉంటుంది. పొడి గాలిలో కెరటిన్ బిగుసుకుపోతే కొత్త పెరుగుదల పక్కకు సాగలేక పైకి లేస్తుందని ఒక వివరణ.

ఒకసారి లేచిన గుట్ట మళ్లీ అణగదు. కొబ్బరినూనె రాసినా అణగదు. పరిస్థితి సరిచేస్తే ఆపైన పెరిగే భాగం నున్నగా వస్తుంది, అంతే. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి: నక్షత్ర తాబేలు డిప్ప మీద కొద్దిపాటి బొడిపెలు అడవిలోనూ సహజం. వాటిని చూసి కంగారు పడనక్కర్లేదు.

మొదటి రెండేళ్లు పిల్లకు ఇంటిలోపల కోకోపీట్, మట్టి కలిపి నాలుగంగుళాల మందాన పరిచి, అడుగు తడిగా, పైపొర మామూలుగా ఉండేట్టు నీళ్లు పోస్తుండాలి. ఒక మూల బోర్లించిన సగం కుండ పెడితే దాని కింద చెమ్మ నిలుస్తుంది, దాక్కోవడానికీ చోటవుతుంది. చెమ్మతో పాటు వెచ్చదనం తప్పనిసరి. చల్లని చెమ్మ ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. విశాఖలో ఆరుబయట గాలే సగం పని చేసిపెడుతుంది. అనంతపురం వేసవిలో, ఏసీ గదిలో ఆ పని మనం చేయాలి. ఉత్త ఇసుక వద్దు, మేతతో పాటు కడుపులోకి పోయి పేగులకు అడ్డుపడుతుంది. నున్నటి టైల్స్ నేల అస్సలు వద్దు, కాళ్లు జారి పక్కలకు వంకర తిరుగుతాయి. "మా తాబేలు ఇల్లంతా స్వేచ్ఛగా తిరుగుతుంది" అని గొప్పగా చెప్పేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది, తాబేలు మీద. చల్లని నేల, సోఫా కింద దుమ్ము, దొరికిన పిన్నులూ నాణేలూ మింగడం, అందులో స్వేచ్ఛ ఏముంది?

గాజు తొట్టి కూడా పనికిరాదు. అద్దం అడ్డమని తాబేలుకు తెలియదు. అవతల కనబడేచోటికి పోవాలని రోజంతా ముక్కు రాసుకుంటుంది. చుట్టూ కనబడని చెక్క గోడలుంటే శాంతిగా ఉంటుంది. పిల్లకు నాలుగడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు ఉంటే మొదలుపెట్టవచ్చు. అది కొద్దికాలానికే. ఆ తర్వాత కావలసింది పెరడు. దాని గోడ అడుగున ఒక అడుగు లోతు రాళ్లో, ఇటుకలో పాతకపోతే తవ్వుకుని అవతలికి పోతుంది. నల్లరేగడి నేలలో తవ్విన బొరియ వానాకాలంలో నీళ్లతో నిండుతుంది కాబట్టి ఎత్తైన చోట గూడు కట్టాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీ ఉన్నవాళ్లు సల్కాటా ఆలోచన మానుకోవడమే మంచిది. ఫీనిక్స్, డల్లాస్‌లలో పెరడు దొరుకుతుంది గానీ చలికాలపు రాత్రులకు హీటరున్న గది కట్టాల్సిందే.

పెరట్లో అసలు శత్రువు కుక్క, మన సొంత కుక్కతో సహా. డిప్ప అంచు కొరకడం దానికి ఎముక కొరికినట్టే. తాబేలు పిల్లల్ని కాకులు, ఎలుకలు, ముంగిసలు వదలవు, పైన వల తప్పదు. తాబేలు వెల్లకిలా పడితే ఊపిరితిత్తుల మీద పేగుల బరువు పడి ఊపిరాడదు, పైగా ఎండలో ఉంటే గంటల్లో పోతుంది. గోడ మూలల్లో ఎక్కబోయి పడేవే ఎక్కువ. ఇక్కడ నక్షత్ర తాబేలు అదృష్టవంతురాలు. ఎలా పడేసినా తనంతట తానే నిలబడే గోంబోట్స్ అనే ఆకారాన్ని కనిపెట్టిన హంగరీ శాస్త్రవేత్తలు డోమోకోష్, వార్కోని 2008లో తాబేళ్ల డిప్పలు కొలిచి చూస్తే, ఆ ఆకారానికి బాగా దగ్గరగా వచ్చినవాటిలో నక్షత్ర తాబేలు ఉంది. ఎత్తైన డిప్ప వల్ల దొర్లుకుంటూ సర్దుకుంటుంది. సల్కాటా డిప్ప వెడల్పుగా, చదునుగా ఉంటుంది. దాని పెరట్లో మనిషి కన్ను ఉండాలి.

ఒంటరిగా ఉందని జత తేవద్దు. తాబేలుకు తోడు అక్కర్లేదు. రెండు మగవి గొంతు కింది కొమ్ముతో గుద్దుకుని ఒకదాన్నొకటి వెల్లకిలా పడేస్తాయి. కొట్లాట కనబడకపోయినా బలమైనది రెండోదాన్ని మేత దగ్గరికి, వేడి దగ్గరికి రానివ్వదు. రెండోది మెల్లగా చిక్కిపోతుంది, మనకు బద్ధకంగా కనబడుతుంది.

తిండి విషయం ఇంత కష్టం కాదు. సల్కాటా గడ్డి మేసే జంతువు, ఆవులాగే పీచును పులియబెట్టి శక్తి తీసుకుంటుంది, కాకపోతే ఆ పని దాని పెద్దపేగులో జరుగుతుంది. మేతలో ఎక్కువ భాగం గరిక, ఎండుగడ్డి ఉండాలి. మందార ఆకులూ పూలూ, మల్బరీ ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు పలకలు, అప్పుడప్పుడూ మునగాకు బాగుంటాయి. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు కాల్షియంను పట్టేసుకుంటాయి, రోజూ పెట్టకూడదు. అరటిపండు, పుచ్చకాయ ఇష్టంగా తింటుంది, తిన్నాక విరేచనాలు అవుతాయి. అన్నం, రొట్టె, పాలు, కుక్కల ఆహారం దాని పేగుకు పరాయివి. పెరట్లో గన్నేరు, ఉమ్మెత్త ఉంటే పీకేయాలి. పొలం గట్ల గడ్డి కోసుకొచ్చేముందు కలుపుమందు కొట్టారేమో అడగాలి. కాల్షియం కోసం మూలికల దుకాణంలో దొరికే సముద్రపు నురుగు ముక్క పడేస్తే కొరుక్కుంటుంది, ముక్కు కూడా అరుగుతుంది.

పిల్లల్ని రోజూ పదిహేను, ఇరవై నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో, గడ్డం తడిసేంత లోతులో కూర్చోబెట్టాలి. తాగుతుంది, మూత్రంతో పాటు తెల్లటి ముద్ద వదులుతుంది. అది మెత్తగా ఉంటే మంచిదే. సుద్దముక్కలా గట్టిగా, ఇసుకలా వస్తే నీరు చాలడం లేదు, మూత్రాశయంలో రాయి కట్టబోతోంది. లోతు నీళ్లలో మాత్రం వదలకూడదు. ఏనుగు కాళ్లలాంటి కాళ్లున్న నేల తాబేలు ఈదలేదు, మునిగిపోతుంది.

తాబేలుకు విభాజక పటలం లేదు. మనలా గట్టిగా దగ్గి కఫం బయటికి నెట్టలేదు. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి మెడ చాచి ఊపిరి తీయడం కనబడితే అది జలుబు కాదు, ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి పోవాలి. అక్కడొక జాగ్రత్త. కుక్కలకు, పశువులకు పురుగుల కోసం మామూలుగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం. నరాలు చచ్చుబడి చనిపోతాయి. సరీసృపాలు చూడని డాక్టరైతే ముందే ఈ మాట చెప్పడంలో నామోషీ లేదు. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకుంటే రోగం కంటికి కనబడకముందే బరువు చెబుతుంది. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి. తాబేళ్లు సాల్మొనెల్లాను మోస్తాయి. దాని వల్లే అమెరికాలో డిప్ప 4 అంగుళాలకు తక్కువున్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. అయిదేళ్లలోపు పిల్లలకు ముద్దుపెట్టుకునే బొమ్మ కాదది.

సరైన ఇల్లు ఇస్తే తాబేలు మనకన్నా ఎక్కువ కాలం బతకొచ్చు. ఇంగ్లండులో సెల్‌బోర్న్ ఊరి పాదిరీ గిల్బర్ట్ వైట్ 1780లో మేనత్త చనిపోయాక ఆమె తాబేలు టిమొతీని తెచ్చుకున్నాడు. అది ఎప్పుడు నేలలోకి దిగుతోంది, ఎప్పుడు లేస్తోంది, ఎంత తూగుతోంది అని ఏళ్ల తరబడి రాసుకున్నాడు. ఆయన 1793లో పోయాడు, తాబేలు మరుసటేడు పోయింది. దాని డిప్పను పరీక్షించిన తర్వాతే టిమొతీ ఆడదని తేలింది. సెయింట్ హెలీనా దీవిలోని జోనథన్ 1832 ప్రాంతంలో పుట్టిందని అంచనా. సల్కాటా అన్నేళ్లు ఉండకపోయినా, పదేళ్ల పిల్లవాడికి కొనిచ్చింది అతని పిల్లల పెళ్లిళ్ల దాకా ఉండవచ్చు. కొనేముందే ఆ తర్వాత ఎవరు చూసుకుంటారో ఇంట్లో మాట్లాడుకోవాలి.

అమెరికాలో ఆ మాట మాట్లాడుకోనివాళ్లు వదిలేసిన సల్కాటాలతో ఆశ్రయ కేంద్రాలు నిండిపోయాయి. అరిజోనాలో అక్కడి వన్యప్రాణి శాఖ ఇదివరకే పెంపకంలో ఉన్న స్థానిక ఎడారి తాబేళ్లను పెరడున్న కుటుంబాలకు దత్తత ఇస్తుంది. కొనే బదులు అది అడగడం మేలు. చూసుకోలేకపోతే అడవిలో వదలడం మాత్రం జవాబు కాదు. మొహావీ ఎడారి తాబేళ్లలో వ్యాపించిన శ్వాస రోగానికి, పెంపుడు తాబేళ్లను తెచ్చి వదలడం కూడా ఒక కారణమని పరిశోధకులు అనుమానించారు. 1990లో ఆ జాతి అమెరికా ప్రమాద జాబితాకెక్కింది. శేషాచలం అడవిలోనో నల్లమలలోనో ఒక సల్కాటాను వదిలితే అది అక్కడి నక్షత్ర తాబేళ్లకు ఏం అంటిస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. పెరడున్న మరొకరికి ఇవ్వాలి, లేదా అటవీ శాఖను సంప్రదించాలి. ఇచ్చినా, చనిపోయినా, గుడ్లు పెట్టి పిల్లలు చేసినా పరివేష్‌లో తెలియజేయాలి.